పాయింట్లు పోగేసే ముందు టికెట్ వెతకండి

క్రెడిట్ కార్డు పాయింట్లతో ఫ్లైట్ ఎక్కుదామనుకునేవాళ్లలో చాలామంది ముందు కార్డు తీసేసుకుంటారు, రెండేళ్లు పాయింట్లు పోగేస్తారు, తీరా వాటితో ఏం చేయాలో తెలీక యాప్‌లో కనిపించిన హెడ్‌ఫోన్సో మిక్సీయో తీసుకుని సరిపెట్టుకుంటారు. తిరగేసి చేయండి. ఎక్కడికి, ఎంతమంది, ఏ నెలలో అన్నది ముందు తేల్చుకుని, ఆ రూట్లో ఏ ఎయిర్‌లైన్స్ తిరుగుతున్నాయో చూసుకుని, వాటి మైల్స్‌గా (అంటే టికెట్ కొనుక్కోడానికి పనికొచ్చే ఆ ఎయిర్‌లైన్ సొంత పాయింట్లుగా) మారే పాయింట్లిచ్చే కార్డు ఆ తర్వాత వెతకండి.

ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టే అలవాటు లేకపోతే మాత్రం అసలు ఈ జోలికే రావద్దు. మినిమమ్ డ్యూ కట్టి మిగతాది నెట్టుకొస్తే పడే వడ్డీ ముందు ఏ పాయింట్లూ నిలవవు.

ఇప్పుడు లెక్క. ఒక టికెట్ డబ్బుతో కొంటే 30,000 అనుకోండి. అదే మైల్స్‌తో అయితే 40,000 మైల్స్, పైగా ట్యాక్సులూ సర్‌ఛార్జీలూ 6,000 చేతి నుంచి కట్టాలి (అవార్డు టికెట్, అంటే మైల్స్‌తో తీసేది, పూర్తిగా ఫ్రీ అనుకోకండి). అంటే మిగిలింది 24,000, దాన్ని 40,000తో భాగిస్తే మైలుకి 0.6 రూపాయి. మీ కార్డు 100 ఖర్చుకి 2 పాయింట్లిచ్చి, 2 పాయింట్లకి 1 మైలు చొప్పున మారుస్తుంటే, 100కి మీకు దక్కేది 0.6 మాత్రమే. మామూలుగా 1 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డే నయం! అదే బిజినెస్ క్లాసులో టికెట్ 1,20,000, మైల్స్ 80,000, ట్యాక్సులు 10,000 అయితే మైలుకి 1.37 పైనే వస్తుంది. కాకపోతే ఆ టికెట్‌కి మీరు జేబులోంచి 1,20,000 పెట్టేవాళ్లేనా అన్నది నిజాయితీగా ఆలోచించుకోండి, నేనైతే పెట్టను, అందుకే ఆ లెక్క చూసి మరీ పొంగిపోను.

ఒక ఎయిర్‌లైన్ మైల్స్‌తో వేరే ఎయిర్‌లైన్ ఎక్కొచ్చని చాలామందికి తెలీదు, ఇందులో అసలు కిటుకంతా అక్కడే ఉంది. 1997లో మొదలైన స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్, ఇవి మూడు పెద్ద ఎయిర్‌లైన్స్ జట్లు. స్టార్ అలయన్స్‌లో ఉన్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌తో అదే జట్టులోని లుఫ్తాన్సా, టర్కిష్ ఫ్లైట్లలో సీటు తీసుకోవచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఫిన్‌ఎయిర్ నాలుగింటివీ ఏవియోస్ పాయింట్లే, ఖాతాలు లింక్ చేసుకుంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జరుపుకోవచ్చు. ఒకే ఫ్లైట్లో ఒకే సీటుకి ఒక ప్రోగ్రామ్ (ఒక ఎయిర్‌లైన్ మైల్స్ పథకం) అడిగే మైల్స్ వేరు, ఇంకోటి అడిగేది వేరు, సర్‌ఛార్జీ కూడా వేరు. కనీసం రెండు మూడు చోట్ల చూడకుండా బుక్ చేయకండి.

సీటు కళ్లారా చూశాకే పాయింట్లు ట్రాన్స్‌ఫర్ చేయండి. ఒకసారి మైల్స్‌గా మారిస్తే సాధారణంగా వెనక్కి రావు. ఇది నాకు బాగానే తగిలింది. ఒక శనివారం రాత్రి నాకు కావాల్సిన తేదీకి రెండు సీట్లు కనిపించాయి, వెంటనే ఉన్న పాయింట్లన్నీ పంపేశాను, అప్పటికప్పుడు పడిపోతాయనుకున్నా. ఆదివారం రాలేదు, సోమవారం రాలేదు, మంగళవారం మధ్యాహ్నం మైల్స్ పడ్డాయని మెసేజ్ వచ్చేసరికి ఒక్క సీటే మిగిలింది. ఆ మైల్స్ మరో ఎనిమిది నెలలు ఖాతాలో అలాగే మూలిగాయి. అప్పట్నుంచీ ఏ కార్డు నుంచి ఏ ఎయిర్‌లైన్‌కి ఎన్ని రోజులు పడుతుందో ముందు తెలుసుకున్నాకే ముట్టుకుంటున్నా, కొత్త ప్రోగ్రామ్ అయితే ముందు కొద్దిగా పంపి చూస్తున్నా. ఇంకోటి, కార్డు మీద పేరు, ఎయిర్‌లైన్ ఖాతాలో పేరు ఒకేలా ఉండాలి, ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే ట్రాన్స్‌ఫర్ ఆగిపోవచ్చు.

గడువు కూడా చూసుకోండి. క్రిస్‌ఫ్లయర్ మైల్స్ మామూలుగా మూడేళ్లకి పోతాయి. కార్డులో పాయింట్లుగా ఉన్నంతసేపు ఎటైనా పంపుకోవచ్చు, అందుకని అవసరం పడేదాకా అక్కడే ఉంచండి.

రానూపోనూ రెండు టికెట్లూ మైల్స్‌తోనే తీయాలని పట్టుబట్టకండి. చాలా ప్రోగ్రాముల్లో వన్‌వే కూడా తీసుకోవచ్చు కాబట్టి వెళ్లేటప్పటికి మైల్స్‌తో సీటు దొరికితే పట్టేసి, తిరుగు టికెట్ చవగ్గా ఉన్నప్పుడు డబ్బుతో కొనేయండి.