మొదలు ఒకటే, తోక వేరు: పొడవాటి ఇంగ్లీషు మాటల్లో పడే తప్పులు, సరిచేసే తీరు

పొడవాటి ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి మొదటి మూడు నాలుగు అక్షరాలు ఒకటే. అందుకే మొదట్లో ఎవరూ పెద్దగా తప్పరు. మొదటి ముక్క రెండో ముక్కతో కలిసే అతుకు దగ్గరో, తోక దగ్గరో తప్పుతారు. డీఎస్సీకి, బ్యాంకు పరీక్షలకు చదివేవారికి, ఫ్లెక్సీ షాపుల్లో టైపు చేసేవారికి, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని తిరిగే ఇంటివాళ్లకు తరచూ ఎదురయ్యేవి ఇవి.

సమస్య: ‘అకామడేషన్’లో ఒక సి, ఒక ఎం ఎగిరిపోతున్నాయి

తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల లాడ్జి బోర్డులు చదువుకుంటూ పోండి, ఈ ఒక్క మాట ఎన్ని రకాలుగా రాయొచ్చో తెలుస్తుంది. సరైనది ఏ-సి-సి-ఓ-ఎం-ఎం-ఓ-డి-ఏ-టి-ఐ-ఓ-ఎన్. మొత్తం 13 అక్షరాలు, సి రెండు, ఎం రెండు.

కారణం మన చెవిలో ఉంది. తెలుగులో ఒత్తు వినబడుతుంది కాబట్టి విన్నట్టు రాస్తే చాలు. ఇంగ్లీషులో జంట అక్షరం చాలాసార్లు ఒకే అక్షరంలా పలుకుతుంది. వినబడనిదాన్ని రాయాలని మనకు తోచదు.

పరిష్కారం: అతుకు విప్పి చూడాలి. ఈ మాట మొదట్లో ఉన్నది లాటిన్ ‘యాడ్’, దాని వెనక ‘కామ్’. మన వ్యాకరణంలో ఉత్ + లాసం ‘ఉల్లాసం’, సత్ + జనుడు ‘సజ్జనుడు’ అయినట్టే, ‘యాడ్’లోని డి తన రూపం వదిలేసి వెనకొచ్చే హల్లుగా మారిపోతుంది. అందుకే అలొకేట్‌లో రెండు ఎల్‌లు, అనౌన్స్‌లో రెండు ఎన్‌లు, అసిస్ట్‌లో రెండు ఎస్‌లు, అటెండ్‌లో రెండు టీలు, అగ్రెసివ్‌లో రెండు జీలు. ‘ఇన్’ కూడా ఇలాగే మారుతుంది: ఇల్లీగల్, ఇమ్మీడియట్, ఇర్రెగ్యులర్. ‘కామ్’ అంతే: కలెక్ట్‌లో రెండు ఎల్‌లు, కరెస్పాండెన్స్‌లో రెండు ఆర్‌లు, కమిషన్‌లో రెండు ఎం‌లు. కమిటీ మాత్రం మహా గడుసుది. ఎం రెండు, టి రెండు, ‘ఈ’ రెండు.

వెనక అచ్చు వస్తే ఈ మార్పు ఉండదు. అడాప్ట్‌లో డి ఒక్కటే. ఇంకో మాట ఈ సూత్రానికి లొంగదు: అపార్ట్‌మెంట్. దానికి పి ఒక్కటే. ఫ్లాట్ల ప్రకటనల్లో రెండు పీలు పెట్టేవాళ్లు తక్కువేమీ కాదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

సమస్య: డిసపాయింట్‌లో ఎస్ రెండా, ఒకటా?

మొదటి ముక్కను బొటనవేలితో మూసి మిగిలింది చదవండి. ‘అపాయింట్’ నిండుగా కనబడితే సరే. డిస్ + అపాయింట్, డిస్ + అపియర్: ఎస్ ఒక్కటే. డిస్ + శాటిస్‌ఫైడ్, మిస్ + స్పెల్: రెండు ముక్కల్లోనూ ఎస్ ఉంది కాబట్టి రెండు. అన్ + నెసెసరీలో ఎన్‌లు రెండు, విత్ + హోల్డ్‌లో హెచ్‌లు రెండు, రి + కమెండ్‌లో సి ఒకటి, ఎం‌లు రెండు. జువాలజీ ల్యాబులో ‘డైసెక్ట్’ అని పలకడం వల్ల పిల్లలు ఒకే ఎస్ రాస్తారు. అది డిస్ + సెక్ట్, ఎస్‌లు రెండు. లెక్కల్లోని బైసెక్ట్‌లో ‘బై’ ఉంది కాబట్టి ఒకటే.

క్విజ్‌లో అడిగే కొండంత మాటలకూ ఇదే పద్ధతి. 45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరును ఒకే దమ్ములో బట్టీ పట్టొద్దు. న్యుమోనో 8, అల్ట్రా 5, మైక్రోస్కోపిక్ 11, సిలికో 6, వాల్కేనో 7, కోనియోసిస్ 8. ఆరు ముక్కలు, కూడితే 45. మొదటి పి పలకదు, రాతలో మాత్రం ఉండాలి. న్యుమోనియాలోనూ అంతే. ఈ మాటను 1935లో సరదాగా పొడవు కోసమే అల్లారు, కాబట్టి డాక్టరు చీటీలో వెతకొద్దు.

సమస్య: పి-ఆర్-ఈ, పి-ఆర్-ఓ, పి-ఈ-ఆర్ కలగాపులగం

ప్రాసిక్యూట్ అంటే కోర్టులో కేసు నడపడం, పర్సిక్యూట్ అంటే వేధించడం. ప్రిస్క్రైబ్ అంటే మందో, పాఠ్యపుస్తకమో నిర్ణయించి రాసివ్వడం, ప్రొస్క్రైబ్ అంటే నిషేధించడం. ప్రాస్పెక్టివ్ కాండిడేట్ అంటే కాబోయే అభ్యర్థి, పర్‌స్పెక్టివ్ అంటే చూసే కోణం. పరీక్షలో ఖాళీలు పూరించే ప్రశ్నలకు ఈ జంటలు కరువులేని సరుకు.

ఇక్కడ మాత్రం తోకలు ఒకటే కావడంతో కన్ను మొదటి మూడక్షరాల వరసను పట్టించుకోకుండా జారిపోతుంది. ఇలాంటివి విడివిడిగా రాస్తే నిలవవు. జంటగా రాసుకుని, తెలిసిన మాట ఒకటి పక్కన పెట్టండి: పబ్లిక్ ప్రాసిక్యూటర్, డాక్టరు ప్రిస్క్రిప్షన్, కాలేజీ ప్రాస్పెక్టస్. ఇంటర్, ఇంట్రా తేడాకు బస్సులు చాలు. చిత్తూరు నుంచి వేలూరు వెళ్లేది ఇంటర్‌స్టేట్, చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లేది ఇంట్రాస్టేట్.

సమస్య: ఆసుపత్రి కాగితంలో ‘హైపో’ను ‘హైపర్’ అని చదవడం

ఇక్కడ పోయేది మార్కులు కావు. హైపోథైరాయిడిజం అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువ, దానికి లెవోథైరాక్సిన్ ఇస్తారు. హైపర్‌థైరాయిడిజం అంటే ఎక్కువ, దానికి కార్బిమజోల్ లాంటివి ఇస్తారు. ఒకదాని మందు ఇంకోదానికి పూర్తిగా ఎదురు. షుగర్ 70 కంటే పడిపోతే హైపోగ్లైసీమియా. చెమటలు, వణుకు వస్తాయి, వెంటనే తీపి ఇవ్వాలి. దాన్ని హైపర్ అనుకుని ఇన్సులిన్ వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

రెండింటికీ మొదటి మూడక్షరాలు హెచ్-వై-పి. నాలుగోది చూడండి. ‘ఓ’ ఉంటే తక్కువ, ‘ఈ’ ఉంటే ఎక్కువ. చేతిరాతలో ‘ఓ’, ‘ఈ’ ఒకేలా కనబడితే ఆ అక్షరం వెనక ఆర్ ఉందో లేదో వెతకండి.

మందుల పేర్లు ఇంకా మొండివి. క్లోర్‌ప్రోమజీన్ మానసిక వ్యాధులకు, క్లోర్‌ప్రోపమైడ్ షుగరుకు. మొదటి ఎనిమిది అక్షరాలు అచ్చంగా ఒకటే. హైడ్రలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకు. ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్ మధ్య తేడా ఎల్-ఓ అనే రెండక్షరాలే. అందుకే విదేశీ ఆసుపత్రుల్లో తేడా ఉన్న ముక్కను మాత్రమే పెద్దక్షరాల్లో అచ్చువేసే పద్ధతి ఉంది, కన్ను నేరుగా అక్కడికే పోతుంది. మన దేశంలో చీటీలు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లో చెప్పింది. మొత్తం పెద్దక్షరాలైతే తేడా ముక్క ప్రత్యేకంగా కనబడదు కానీ, గొలుసుకట్టు గీతల కన్నా నయం.

మందుల షాపు కౌంటరు దగ్గరే స్ట్రిప్పును, చీటీని పక్కపక్కన పెట్టి పేరును తోక వైపు నుంచి చదవండి. తర్వాత మిల్లీగ్రాములు సరిచూడండి. ఆఖరున ‘అన్నా, ఇది దేనికి?’ అని అడగండి. షుగరు మనిషికి బీపీ మందు అని జవాబు వస్తే అక్కడే ఆగండి. చీటీలో అక్షరం తెలియకపోతే ఊహించొద్దు, రాసిన డాక్టరునే అడగాలి.

సమస్య: తిరుపతికి టికెట్ అనుకుంటే తిరుపత్తూరుకు బుక్కయింది

రైలు యాప్‌లో టి-ఐ-ఆర్-యు-పి కొట్టగానే తిరుపతి, తిరుప్పూర్, తిరుపత్తూరు వరసగా దిగుతాయి. యాప్ మొదటి అక్షరాలతోనే వెతుకుతుంది, తొందరలో వేలు పక్క పేరు మీద పడుతుంది. మన ఊరిని టి-పి-టి అని పొట్టిగా రాసే అలవాటు మరీ ముంచుతుంది. ఆ కోడ్ తమిళనాడులోని తిరుపత్తూరుది. తిరుపతిది టి-పి-టి-వై, తిరుప్పూర్‌ది టి-యు-పి. చిత్తూరుకు సి-టి-ఓ, రాజస్థాన్‌లోని చిత్తౌర్‌గఢ్‌కు సి-ఓ-ఆర్. పేరు కాకుండా కోడ్ కొట్టండి. డబ్బు కట్టేముందు ఊరి పేరును, కోడ్‌ను మరోసారి చూడండి.

సమస్య: ఫోన్ కీబోర్డు మాట మార్చేస్తోంది

‘డెఫినెట్లీ’లో రెండో ఐ బదులు ‘ఏ’ వేస్తే, కొన్ని కీబోర్డులు దాన్ని ‘డిఫయంట్లీ’ చేసేస్తాయి. ‘తప్పకుండా వస్తాను సార్’ అనబోయి ‘ధిక్కరిస్తూ వస్తాను సార్’ అన్నట్టవుతుంది. మాట లోపల ‘ఫైనైట్’ ఉందని గుర్తుంటే ‘ఏ’ రాయరు. ఆఫీసు మెయిళ్లు రాసేటప్పుడు సెట్టింగుల్లో ఆటో కరెక్షన్ ఆపేసి, స్పెల్లింగ్ చెకింగ్ మాత్రం ఉంచుకోండి. అప్పుడు తప్పు మాట కింద ఎర్రగీత పడుతుంది, మార్చడం మీ చేతిలో ఉంటుంది.