విశాఖలో ఆటిజం పిల్లలకు సాయం: ముందు ఎక్కడికి, తర్వాత ఎక్కడికి

“వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, ఆగండి” అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆగొద్దు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం లాంటి ఆటిజం గుర్తులు గమనిస్తే ఏడాదిన్నరకే పిల్లల డాక్టర్‌కి చూపించండి. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రం నింపిస్తారు. అది జల్లెడ పట్టడమే, జబ్బు తేల్చడం కాదు.

మొదట వినికిడి పరీక్ష. చిన్న పిల్లలకు బెరా అనే వినికిడి పరీక్ష చేస్తారు, బిడ్డ కదలకుండా నిద్రలో ఉండాలి. ముందు రోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపండి, దారిలో ఆటోలో కునుకు తీయనివ్వకండి. అక్కడే చాలామందికి పరీక్ష వాయిదా పడుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాలు, అంటే డీఈఐసీలు, 18 ఏళ్లలోపు పిల్లలను చూస్తాయి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) పిల్లల విభాగంలో ఓపీ చీటీ తీసుకున్నప్పుడే దీని గురించి అడగండి. ఓపీ గోలకు పిల్లాడు చెవులు మూసుకుని ఏడుస్తాడు, డాక్టర్‌కి అసలు తీరు కనపడదు. అందుకే ఇంట్లో ఆడుకునేటప్పుడు, పేరు పిలిచినప్పుడు, అన్నం తినేటప్పుడు తీసిన రెండేసి నిమిషాల వీడియోలు ఫోన్‌లో సిద్ధంగా ఉంచుకోండి. పది నిమిషాల మాటలకన్నా అవే ఎక్కువ పనికొస్తాయి.

వైకల్య సర్టిఫికెట్ వచ్చాక థెరపీ మొదలుపెడదామనుకోవడం పెద్ద పొరపాటు. రెండూ ఒకేసారి నడవాలి.

థెరపీ సెంటర్లు ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా బోలెడు. బోర్డు చూసి చేరిపోకండి. స్పీచ్ థెరపిస్టుకి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అడిగి రాసుకోండి. మూడు నెలల్లో ఏం నేర్పుతారో కాగితం మీద రాసిమ్మనండి. “మాటలు వస్తాయి” అంటే కుదరదు. “నీళ్లు కావాలంటే బొమ్మకార్డు ఇస్తాడు” అన్నంత తేటగా ఉండాలి. తల్లిదండ్రులను గదిలోకి రానివ్వని చోట డబ్బు కట్టకండి. స్టెమ్ సెల్స్‌ (మూలకణాల) తో నయం చేస్తామనేవాళ్లని నమ్మొద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఆటిజానికి అది ఆమోదించిన చికిత్స కాదు.

వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే సదరం పరీక్షకు స్లాట్‌ను వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ చేయించండి. ఏ ఆస్పత్రికి రావాలో స్లాట్‌లోనే ఉంటుంది. కేజీహెచ్ అనుకుని వెళ్లిపోకుండా చదువుకోండి. ఆధార్‌లో, పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించాలి. ఆటిజాన్ని ఇసా అనే 40 అంశాల కొలమానంతో కొలుస్తారు: 70 నుంచి 106 స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. చేతికొచ్చిన కాగితంలో మూడు చూడండి: వైకల్యం రకం దగ్గర ఆటిజం అనే ఉందా, శాతం ఎంత, గడువు ఎప్పటిదాకా. దివ్యాంగుల హక్కుల 2016 చట్టంలో ఆటిజం వేరే వైకల్యం, దాన్ని మేధోవైకల్యంలో కలిపి రాస్తే వెంటనే అడగాలి. వైకల్యం 40 శాతం కన్నా తక్కువ ఉంటే ఎన్టీఆర్ భరోసా దివ్యాంగుల పింఛన్ (నెలకు 6,000) రాదు.

యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు వచ్చాక కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, వయసు పరిమితి లేదు. ఏటా రెన్యూవల్ మర్చిపోతే ఆగిపోతుంది.

బడి విషయానికొస్తే, 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదివే హక్కు ఉంది. సమగ్ర శిక్ష పథకం కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. మండల విద్యాధికారిని కలిస్తే ఏది దగ్గరో చెప్తారు. బడివాళ్లు నోటిమాటతో కాదంటే కారణం రాసిమ్మనండి. రాయడానికి సాధారణంగా ముందుకురారు, మాట మారుస్తారు.

ఇంట్లో తల్లికి నిద్రపట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇక బిడ్డకు 18 నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు తమంతట తామే సంరక్షకులు కారు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టి సంరక్షక పత్రం తెచ్చుకోవాలి. బ్యాంకులో, ఆస్తి వ్యవహారాల్లో మొదట అడిగేది అదే.