ఇంటి త్రీడీ చిత్రం యజమానికి చూపే ముందు

హనుమకొండలో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల 200 గజాల జాగలో ఇల్లు కట్టించుకునేవారు ప్లాను కాగితానికి సరేనంటారు గాని, అసలు నిర్ణయం త్రీడీ చిత్రం చూశాకే తీసుకుంటారు. అందువల్ల కట్టలేనిదేదీ ఆ చిత్రంలో ఉండకూడదు.

కొలతలు ఖరారైన తరువాతే స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో గాని, ఉచితంగా దొరికే బ్లెండర్‌లో గాని మోడల్ మొదలుపెట్టాలి. గోడల మందం, సజ్జల వెడల్పు, పిట్టగోడ ఎత్తు అసలు కొలతల్లోనే ఉండాలి. మిద్దెపై నీళ్ల ట్యాంకును కూడా పెట్టాలి, లేకపోతే అది వీధిలోకి ఎంత కనిపిస్తుందో ఇల్లు పూర్తయ్యాకే తెలుస్తుంది. రంగులు వేయకముందే తెల్లటి మోడల్ చూపి ఆకారానికి ఒప్పుదల తీసుకోవడం మంచిది.

మోడల్‌లోని కెమెరాను నేల నుంచి 5 లేదా 5.5 అడుగుల ఎత్తులో, వీధిలో మనిషి నిలబడగల చోటే పెట్టాలి. ఎదురింటి గోడను దాటి వెనక్కి జరిపితే ఇల్లు మొత్తం చక్కగా ఇముడుతుంది గాని, ఆ దృశ్యం ఎవరికీ కనిపించేది కాదు. నిలువు గీతలు వాలకుండా సాఫ్ట్‌వేర్‌లో టూ పాయింట్ పర్‌స్పెక్టివ్ అనే చూపును ఎంచుకోవాలి.

ఎండ విషయంలో చాలామంది తొందరపడతారు. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ ఊరిని, ఉత్తర దిక్కును సరిగా నమోదు చేస్తేనే నీడలు నిజమవుతాయి. తూర్పు ముఖం ఇంటికి ఉదయం 8 గంటల వెలుగు సరిపోతుంది. ఉత్తర ముఖం ఇంటికి డిసెంబరులో ముందు గోడపై నేరుగా ఎండ పడదు. జూన్ ఉదయాన్ని పెడితే ఈశాన్యం నుంచి ఏటవాలుగా వెలుగు వచ్చి సజ్జల నీడలు తేలుతాయి. అయితే అది ఏ నెల వెలుగో యజమానికి చెప్పి తీరాలి. రాత్రి దీపాల చిత్రాలు నాకు నచ్చవు, అవి రంగు తేడాలను దాచేస్తాయి.

ఒకసారి ఇంటర్నెట్‌లో దొరికిన గ్రానైట్ టెక్స్చర్ (మోడల్ గోడలపై అతికించే రాతి ఫొటో) వాడి నేను ఇబ్బంది పడ్డాను. ఆ రంగు రాయి ఏ దుకాణంలోనూ దొరకలేదు. అప్పటి నుంచి కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ పలకను నీడలో, ఎదురుగా నిలబడి ఫొటో తీసి, పలక అసలు కొలతకే అమర్చుతున్నాను. లేకపోతే చుక్కలు పిడికెడంత పెద్దవై కనిపిస్తాయి.

ఏ3 కాగితంపై అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రణకు 4961×3508 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి.