బ్యాంకాక్‌కు ఒంటరిగా వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

తిరుపతి స్టేషన్ బయటికొచ్చే యాత్రికుల చుట్టూ ఎవరు మూగుతారో మనకు తెలుసు. ‘స్వామీ, రూమ్ కావాలా? దర్శనం చేయిస్తాం రండి’ అంటూ సంచీ అందుకునేంత ఆప్యాయంగా పలకరిస్తారు. ఊరివాళ్ళం కాబట్టి మనం నవ్వేసి వెళ్ళిపోతాం. బ్యాంకాక్‌లో ఆ యాత్రికులు మీరే. ‘వద్దులే, పద’ అనడానికి పక్కన మనిషి కూడా ఉండరు. అక్కడ జేబుకు చిల్లు పెట్టేది ఎక్కువగా ఇలా పట్టపగలు మర్యాదగా మాట్లాడేవాళ్ళే.

అక్కడి రాజభవనం గ్రాండ్ ప్యాలెస్ దగ్గర జరిగేది చూడండి. గేటుకు ఇంకా కాస్త దూరం ఉండగానే ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎదురొస్తాడు. ఏ దేశమని అడుగుతాడు, ఇండియా అనగానే సంతోషపడతాడు. ‘అయ్యో, ఇవాళ పూజ ఉంది, మధ్యాహ్నం దాకా తెరవరు. ఈలోపు వేరే గుడి చూసి రండి, టుక్‌టుక్‌కు 20 బాట్లే’ అంటాడు (టుక్‌టుక్ అంటే అక్కడి ఆటో, బాట్ అంటే అక్కడి డబ్బు). బండి కూడా పక్కనే ఉంటుంది. ఆ 20 బాట్ల ప్రయాణం ఒక చిన్న గుడి చూపించి, రాళ్ళ నగల కొట్లోనో సూట్లు కుట్టే కొట్లోనో తేలుతుంది. ‘మీ దేశంలో అమ్మితే రెట్టింపు వస్తుంది’ అని అంటగట్టే రాళ్ళు ఇక్కడ మన బంగారు కొట్లో ఎవరూ తీసుకోరు. ప్యాలెస్‌ను ఉదయం 8:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3:30 దాకా టికెట్లు ఇస్తారు, విదేశీయులకు 500 బాట్లు. రాజకుటుంబం కార్యక్రమాలుంటే తప్ప రోజూ తెరిచే ఉంటుంది. ఎవరేమన్నా సరే, గేటు దాకా నడిచి మీ కళ్ళతో చూసుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, లేకపోతే లోపలికి పంపరు. లోపల మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ మండపం గోడల మీద రామాయణం మొత్తం బొమ్మల్లో ఉంది. హనుమంతుడి దగ్గర మనవాళ్ళకు గంట ఇట్టే గడిచిపోతుంది, నీళ్ళ సీసా ఉంచుకోండి.

బయల్దేరే ముందు పని అంతా ఫోన్లోనే. బ్యాంకు యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయండి. అక్కడి సిమ్ తీసుకున్నా మన సిమ్‌కు రోమింగ్ ఉంచండి, ఓటీపీ రాకపోతే కార్డు ఉండీ లేనట్టే. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 200 బాట్ల పైనే చార్జీ వేస్తుంది కాబట్టి చిన్న మొత్తాలు పదేపదే తీయకండి. మెషీన్ ‘రూపాయల్లోనా, బాట్లలోనా’ అని అడిగితే బాట్లే నొక్కండి. రూపాయలంటే వాళ్ళిష్టమొచ్చిన రేటు కడతారు.

థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టింది. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

విమానం చెన్నై నుంచే కదా అని తేలిగ్గా తీసుకోకండి. తిరుపతి బస్సు మాధవరంలో దింపుతుంది, ఎయిర్‌పోర్టు ఊరికి ఆ చివర. రాత్రి విమానమైతే మధ్యాహ్నమే బయల్దేరడం మేలు, టెన్షన్ ఉండదు. ఆవకాయ, గోంగూర పచ్చడి పెద్ద లగేజీలో, పవర్‌బ్యాంక్ చేతి సంచీలో. తారుమారైతే రెండూ పోతాయి. ఈ-సిగరెట్ అసలు వద్దు, అక్కడ నేరం.

ఊళ్ళో తిరగడానికి స్కైట్రైన్, మెట్రో ఉన్నంత సుఖం ఇంకేదీ లేదు. రెండింటికీ టికెట్లు వేరని మాత్రం గుర్తుంచుకోండి. అర్ధరాత్రికి ఆగిపోతాయి. టాక్సీ ఎక్కితే ‘మీటర్’ అనండి, వేయనంటే దిగిపోండి. హోటల్ పేరు, అడ్రసు థాయ్ లిపిలో ఉన్న కార్డును ఫోటో తీసుకోండి, చాలామంది డ్రైవర్లు ఇంగ్లీషు చదవలేరు. అద్దె బైకు మాత్రం ముట్టుకోవద్దు. సరైన లైసెన్సు లేకుండా నడిపి కింద పడితే ఇన్సూరెన్సు కంపెనీ కూడా డబ్బివ్వదు.

శాకాహారులకు ఇంకో తిప్పలు: కూరగాయల వంటలోనూ చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్రగా, మన కంటికి 17 అంకెలా కనిపించే అక్షరాలున్న కొట్టు వెతకండి, అక్కడ మాంసం, చేప ఉండవు.

రాత్రిపూట ‘మేడ మీద షో ఉంది, ఉచితం’ అని పిలిస్తే వెళ్ళకండి, బిల్లు కట్టేదాకా మెట్లు దిగనివ్వరు. ఒంటరి ఆడవాళ్ళైతే ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పెట్టి ఉంచండి. అక్కడి టైము మనకంటే గంటన్నర ముందు. వాళ్ళకు పదిన్నరైతే అమ్మావాళ్ళకు ఇంకా తొమ్మిదే, ఫోన్ చేయొచ్చు.

పాస్‌పోర్టు హోటల్ లాకర్లో పెట్టి, జిరాక్సు జేబులో ఉంచుకోండి. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు, ఆ కాగితంతో సుఖుమ్‌విత్ 23వ సందులోని మన రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. టూరిస్టు పోలీసుల నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు.