కారు ఏసీ చల్లబరచడం లేదా? గ్యాస్ సంగతి చివర్లో చూద్దాం

కారు ఏసీ మొరాయిస్తే అందరి నోటా మొదట వచ్చే మాట ‘గ్యాస్ అయిపోయి ఉంటుంది’. పెట్రోలులా ఖర్చయిపోవడానికి అదేమీ ఇంధనం కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కాస్త కాస్త పోయే మాట నిజమే. నిన్నటిదాకా బాగున్న ఏసీ ఇవాళ ఆగిపోతే మాత్రం దానికి ఆ కాస్త కారణం కాదు. అందుకే ముందు గాలి, తర్వాత కరెంటు, ఆ పైన గ్యాస్ అనే వరుసలో వెతకండి. మొదటి రెండింటికీ ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవరు, ఒక మల్టీమీటరు చాలు.

గాలి జోరు తగ్గింది

ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకాలే ఉంటుంది. దాన్ని బయటికి తీసి బ్లోయర్ పూర్తి వేగంలో పెట్టండి. గాలి ఒక్కసారిగా పెరిగిందా, జబ్బు దొరికినట్టే. కాగితపు ఫిల్టర్‌ను కడిగి మళ్లీ వాడకండి. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం గాలి వెళ్లే దిశలో ఉండాలి.

బయలుదేరినప్పుడు బాగా వచ్చి, గంట ప్రయాణం తర్వాత గాలి సన్నగిల్లి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ వస్తోందంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. మురికి ఫిల్టర్, కాయిల్ దగ్గరి ఉష్ణోగ్రత సెన్సర్, తగ్గిన గ్యాస్, ఈ మూడింటిలో ఏదైనా కారణం కావచ్చు.

బ్లోయర్ చివరి వేగంలో మాత్రమే తిరుగుతుంటే, దాని వేగం తగ్గించే రెసిస్టర్ కాలిపోయింది. మార్చడం తేలికే. అయితే పాతది తీసినప్పుడు దాని కనెక్టర్‌ను దగ్గరగా చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, పిన్నుల చుట్టూ కరిగి ఉంటే పిన్నులు వదులై ఉండవచ్చు, లేదా బ్లోయర్ మోటారే ఎక్కువ కరెంటు లాగుతూ ఉండవచ్చు. అది తేల్చకుండా రెసిస్టర్ ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

గాలి వస్తోంది, చల్లదనం లేదు

ఇంజను నడుపుతూ, ఏసీ వేసి, బానెట్ ఎత్తండి. ఫ్యాన్ ఏ క్షణంలోనైనా తిరగవచ్చు కాబట్టి చేతులు, వదులు దుస్తులు దూరంగా ఉంచండి. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చూడవలసింది దాని ముందుండే పళ్లాన్ని, అంటే కంప్రెసర్ క్లచ్‌ను. ఏసీ నొక్కగానే ‘టక్’ మని అతుక్కుని అదీ తిరగాలి.

అతుక్కోకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా) చూడండి. అదే నంబరున్న హారన్ రిలే తీసి దీని స్థానంలో పెట్టి చూడండి. అయినా లాభం లేకపోతే క్లచ్ వైరు దగ్గర మల్టీమీటరు పెట్టండి. 12 వోల్టులు వస్తున్నా పళ్లెం కదలకపోతే క్లచ్ కాయిల్ పోయిందో, అరుగుదల వల్ల మధ్య సందు పెరిగిందో అనుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, ఇంజను వేడెక్కాక పట్టు వదిలేయడం సందు పెరిగిందనడానికి గుర్తు. చాలా కంప్రెసర్లలో ఈ సందు అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. పళ్లెం వెనకున్న పలుచని వాషర్ ఒకటి తీసేస్తే సరిపోవచ్చు.

అసలు వోల్టేజీయే రాకపోతే, గ్యాస్ ఒత్తిడి పడిపోతే కరెంటు ఆపే ప్రెషర్ స్విచ్ అడ్డుకుంటూ ఉండవచ్చు. కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. గ్యాస్ లేనప్పుడు తిరిగితే కంప్రెసర్ పట్టేస్తుంది. అందుకే ఆ స్విచ్‌ను వైరుతో దాటించే చిట్కా జోలికి పోకండి. కొత్త కార్లు కొన్నింటిలో క్లచ్చే ఉండదు. వాటికి ఈ పరీక్ష పనికిరాదు, స్కానర్ కావాలి.

కంప్రెసర్ తిరుగుతోంది, దానికి వచ్చే లావు గొట్టం చల్లబడి చెమర్చింది, అయినా లోపల వేడిగాలేనా? వేడి, చల్లగాలులను కలిపే తలుపు ఇరుక్కుంది. డ్యాష్‌బోర్డు లోపల టకటక చప్పుడు వస్తే దాన్ని తిప్పే చిన్న మోటారు పళ్లు విరిగి ఉంటాయి. ఒకవైపు చల్లగా, మరోవైపు వెచ్చగా వచ్చినా అనుమానం దీని మీదే, కాకపోతే గ్యాస్ తగ్గినా కొన్ని కార్లలో ఇలాగే ఉంటుంది.

కదులుతుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వెచ్చగా ఉంటే, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఫ్యాన్ చూడండి. ఫ్యాన్ బాగుంటే రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో పురుగులు, మట్టి పేరుకుని ఉంటాయి. మామూలు పైపుతో నెమ్మదిగా కడగండి, జోరు నీళ్లకు దాని సన్నని రేకులు వంగిపోతాయి.

నిజంగా గ్యాస్ తగ్గితే

క్లచ్ కొద్ది సెకన్లకోసారి అతుక్కుంటూ విడిపోతూ ఉంటుంది. గొట్టాల కీళ్ల దగ్గర దుమ్ము పట్టిన జిడ్డు మరక కనిపిస్తే లీకు అక్కడే. సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడండి. ఇంజను గంటల తరబడి ఆగి, వాతావరణం 30 డిగ్రీలున్నప్పుడు ఆర్-134ఎ రకం గ్యాస్ ఉన్న కారులో గేజీ 95-100 పీఎస్‌ఐ ఒత్తిడి చూపుతుంది. అంటే లోపల గ్యాస్ ఉందని మాత్రమే, సరిపడా ఉందని కాదు. బానెట్ కింది స్టిక్కరు మీద రాసిన గ్రాముల లెక్కన, వాక్యూమ్ చేసి, తూచి నింపాలి. ఆ పని యంత్రమున్న వర్క్‌షాపుదే. లీకు వెతకకుండా నింపేస్తామన్న చోట కారు ఇవ్వకండి. కీళ్లు మీరే విప్పితే ఎగజిమ్మే గ్యాస్ చర్మాన్ని, కళ్లను గడ్డకట్టించగలదు. కొత్త కార్లలోని ఆర్-1234వైఎఫ్ గ్యాస్‌కు కొంత మండే గుణమూ ఉంది, దానిలో పాత గ్యాస్ కలపకూడదు.

మిగతావి

ముందు సీటు కింద మ్యాట్ తడిస్తే కాయిల్ నీరు పోయే గొట్టం పూడింది, కింది నుంచి మెత్తని వైరుతో పొడవండి. ఆ తడి తియ్యని వాసనతో జిడ్డుగా ఉంటే అది ఇంజనును చల్లబరిచే కూలెంట్, కారుతున్నది హీటర్ కోర్ (లోపలి గాలిని వేడి చేసే భాగం). ముక్క వాసనకు కాయిల్ మీది బూజు కారణం. ప్రయాణం ముగిసే ముందు ఐదు నిమిషాలు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే కాయిల్ ఆరుతుంది. హీటర్ వేడి ఇవ్వకపోతే ఇంజను చల్లారాక కూలెంట్ మట్టం చూడండి.

హైబ్రిడ్, విద్యుత్ కార్లలో కంప్రెసర్ వందల వోల్టులతో నడుస్తుంది. నారింజ రంగు తీగలు కనిపిస్తే ఫిల్టర్, ఫ్యూజు, డ్రైన్ గొట్టం వరకే మీ పని.