కెమెరా పనిచేసింది, మైక్ పనిచేయలేదు: ఇలా సరిచేశాను

ఆన్‌లైన్ మీటింగ్‌లో నా ముఖం అందరికీ కనిపిస్తోంది, మాట ఒక్కరికీ వినబడట్లేదు. హెడ్‌సెట్ మార్చినా అదే తంతు. కంప్యూటర్‌తో వచ్చిన రికార్డర్‌లో మాత్రం గొంతు చక్కగా పడింది. అంటే మైక్ బాగానే ఉంది, తేడా అనుమతి దగ్గరే.

విండోస్ 11 సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', అందులో మైక్రోఫోన్ తెరిచాను. పైనున్న స్విచ్‌లన్నీ ఆన్. యాప్‌ల జాబితా దాటి కిందికి వెళ్తే డెస్క్‌టాప్ యాప్‌లకు విడిగా ఇంకో స్విచ్ ఉంది, అది ఆఫ్‌లో ఉంది! బ్రౌజర్లు, బయటి నుంచి దించుకున్న చాలా ప్రోగ్రాములు దీని కిందికే వస్తాయి. వాటిలో దేనికీ వేరే స్విచ్ ఉండదు, అన్నిటికీ కలిపి ఇదొక్కటే. నాకైతే ఇది పెద్ద లోటే.

ఆన్ చేసి బ్రౌజర్ మూసి తెరిచినా మాట వెళ్లలేదు. అడ్రస్ బార్‌లో సైట్ పేరు పక్కనున్న గుర్తు నొక్కితే అక్కడా మైక్ 'బ్లాక్'లో ఉంది. 'అలో' పెట్టి పేజీ రీలోడ్ చేశాక అవతలివాళ్లకు వినిపించింది.

కెమెరాకు వేరే పేజీ ఉంటుంది, అందుకే అది ఆగలేదు. ఈ పేజీల్లోనే 'రీసెంట్ యాక్టివిటీ' దగ్గర గత 7 రోజుల్లో ఏ యాప్ వాడుకుందో కనిపిస్తుంది. అది తప్పకుండా చూడండి. నాకు అవసరం లేనివాటికి వెంటనే అనుమతి తీసేశాను.