ఒకే అక్షరంతో మొదలయ్యే జవాబులతో జీకే క్విజ్ తయారు చేయడం ఎలా?

మామూలు క్విజ్‌లో జవాబు తెలియనివాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు. జవాబులన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయని ముందే చెప్పి చూడండి, పరిస్థితి మారిపోతుంది. మొదటి అక్షరం చేతిలో ఉంది కాబట్టి ప్రతివాళ్లూ లోపల వెతుక్కుంటూనే ఉంటారు. నోటిదాకా వచ్చిన పేరు బయటికి రాక పడే ఆ అవస్థలోనే ఈ ఆట మజా అంతా ఉంది. అయితే పది ప్రశ్నలు గబగబా రాసేస్తే ఆ మజా రాదు. ‘క’ అక్షరాన్ని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో చూపిస్తాను.

1. అక్షరం ఎంచుకోండి, దాని హద్దులు గీయండి

క, మ, ప, బ, స లాంటి అక్షరాలతో మొదలుపెట్టడం మంచిది. భూగోళం, సైన్సు, చరిత్ర, జంతువులు, ఏ రంగంలో వెతికినా వీటికి పేర్లు దొరుకుతాయి. ‘ఠ’, ‘ఢ’ తీసుకుంటే నాలుగైదు ప్రశ్నలకే చేతులెత్తేయాల్సి వస్తుంది. ‘ణ’, ‘ళ’ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంగ్లీషులో ఉన్న జాబితాను తెచ్చి తెలుగులోకి మార్చేద్దామని చాలామంది అనుకుంటారు. అది కుదరదు. ఇంగ్లీషులో ‘సి’ కింద ఉండే కెనడా, చిలీ, సైప్రస్ తెలుగులోకి రాగానే క, చ, స అని తలో దారి పడతాయి. అదే సమయంలో కెన్యా, కెనడా, క్విటో ఇంగ్లీషులో మూడు వేరువేరు అక్షరాల కింద ఉన్నా మనకు ‘క’ కిందే చేరతాయి. కాబట్టి పని తెలుగులోనే మొదలుపెట్టాలి.

ఇక హద్దులు. క నుంచి కం దాకా గుణింతం మొత్తం లెక్కలోకి వస్తుందని ముందే ప్రకటించండి. క్యూబా, క్రొయేషియా లాంటి వత్తులున్న పేర్లనూ చేర్చమనే నా సలహా, ఎందుకంటే వాటిని వదిలేస్తే మంచి ప్రశ్నలు పోతాయి. ‘క్ష’ను మాత్రం పక్కన పెట్టండి. వర్ణమాలలో దాన్ని విడిగా చదువుకున్న అలవాటు వల్ల ‘క్షయ’ జవాబుగా వస్తే గొడవ తప్పదు. ఖతార్ అని కొందరు, కతార్ అని కొందరు రాసే పేర్లనూ ముట్టుకోవద్దు. స్పెల్లింగ్ మీద వాదన మొదలైతే ఆట ఆగిపోతుంది.

2. గుణింతం పట్టుకుని జవాబులు పోగుచేయండి

ప్రశ్నలు తర్వాత, ముందు జవాబులు. ఉత్తినే కూర్చుని ‘క’తో ఏమేం ఉన్నాయని ఆలోచిస్తే నాలుగు దేశాల పేర్లు వచ్చి ఆగిపోతాయి. కాగితం మీద గుణింతం నిలువుగా రాసి, ఒక్కో అక్షరం దగ్గర ఆగి వెతకండి. క దగ్గర కజకిస్థాన్, కర్కట రేఖ. కా దగ్గర చాలా ఉన్నాయి: కాంగో, కాన్‌బెర్రా, కాస్పియన్ సముద్రం, కాలేయం, కార్నియా, కాల్షియం. కి అంటే కిలిమంజారో, కివీ. కీ అంటే కీవ్. కు అంటే కువైట్. కూ దగ్గర విద్యుదావేశాన్ని కొలిచే కూలాంబ్. కె దగ్గర కెనడా, కెల్విన్. కే అంటే కేప్‌టౌన్, కై అంటే కైరో. కొ, కో దగ్గర కొలంబియా, కొమోడో డ్రాగన్, కోపర్నికస్, కోస్టారికా, కోలా. సున్న పెడితే కంబోడియా, కంచు, కంగారూ. కౌ దగ్గర వెంటనే ఏమీ తట్టకపోతే వదిలేయండి, ప్రతి గడీ నింపాలని పట్టుదల వద్దు.

పదిహేను నిమిషాల్లో ముప్పై పేర్లు తేలిగ్గా వస్తాయి. వాటిలో పన్నెండు ఉంచుకుంటే చాలు. ఒకే రంగం నుంచి మూడుకు మించి తీసుకోవద్దు. లేకపోతే అది దేశాల క్విజ్ అయిపోతుంది.

3. ప్రశ్న రాయండి, అక్షరం తీసేసి చూడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. నేను పాటించే నియమం ఒకటుంది: అక్షరం పేరును తేల్చాలి, నిజాన్ని కాదు. అంటే, ‘క’ అనే సాయం తీసేసినా ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉండాలి.

‘శరీరంలో అతి పెద్ద అవయవం ఏది?’ అని అడిగి కాలేయం అని రాసుకున్నారనుకోండి. అది తప్పు, ఎందుకంటే అతి పెద్ద అవయవం చర్మం. అక్షరం ‘క’ కాబట్టి అందరూ కాలేయం అనే చెబుతారు, మార్కులూ పడతాయి, కానీ ఒక తప్పు వాళ్ల బుర్రలో ఉండిపోతుంది. ‘శరీరం లోపలి అవయవాల్లో అతి పెద్దది’ అని రాయండి, ప్రశ్న నిలబడుతుంది. అప్పుడు లివర్ అనాలా, కాలేయం అనాలా అన్నది ‘క’ తేలుస్తుంది. నత్రజని–నైట్రోజన్, గంధకం–సల్ఫర్, పాదరసం–మెర్క్యురీ లాంటి జంట పేర్లున్న చోటల్లా అక్షరం ఈ పనే చేయాలి.

ఇంకో చిక్కు, అక్షరం వల్ల ప్రశ్న మరీ తేలికైపోవడం. ‘ఆస్ట్రేలియా రాజధాని ఏది?’ అన్నది మామూలుగా మంచి ప్రశ్న, చాలామంది సిడ్నీ అంటారు. ‘క’ అని ముందే తెలిస్తే సిడ్నీ ఎవరికీ తట్టదు, ప్రశ్నలో పస పోతుంది. దాన్నే ఇలా తిప్పండి: ‘రెండు పెద్ద నగరాలు రాజధాని హోదా కోసం పోటీ పడ్డాయి. చివరికి రెండింటినీ కాదని 1908లో వేరే చోటు ఎంపిక చేసి అక్కడ కొత్త నగరం కట్టారు. 1927లో పార్లమెంటు అక్కడికి మారింది. ఆ నగరం ఏది?’ ఇప్పుడు సిడ్నీ, మెల్‌బోర్న్‌ల కథ తెలిసినవాళ్లకు వెంటనే కాన్‌బెర్రా తడుతుంది. తెలియనివాళ్లు ‘క’ సాయంతో కైరో, కీవ్ అనుకుంటూ వచ్చి దాన్ని పట్టుకుంటారు. ఇద్దరికీ దారి ఉండటమే మంచి ప్రశ్న లక్షణం.

4. ‘అతి పెద్ద’, ‘ఏకైక’ అన్న మాటల దగ్గర ఆగండి

జీకే ప్రశ్నల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ మాటల దగ్గరే. కెనడా ప్రపంచంలో రెండో అతి పెద్ద దేశం అంటాం. సరస్సులు, నదులతో కలిపి మొత్తం విస్తీర్ణం చూస్తేనే అది నిజం. నేల మాత్రమే లెక్కపెడితే చైనా, అమెరికా దాన్ని దాటిపోతాయి. అందుకే ‘మొత్తం విస్తీర్ణంలో’ అన్న మాట తప్పక చేర్చాలి. ఆ టెన్షన్ వద్దనుకుంటే ‘ప్రపంచంలో అతి పొడవైన సముద్ర తీరం ఉన్న దేశం’ అని అడగండి, జవాబు అదే.

కజకిస్థాన్‌ను ‘సముద్ర తీరం లేని అతి పెద్ద దేశం’ అంటే ఎవరో ఒకరు లేచి, కాస్పియన్ సముద్రం ఒడ్డునే ఉంది కదా అంటారు. వాళ్లు అడిగింది న్యాయమే. కాస్పియన్‌కు సముద్రమని పేరు ఉన్నా ఏ మహాసముద్రంతోనూ అది కలవదు. చుట్టూ నేలే ఉన్న నీటి వనరుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. కాబట్టి ‘మహాసముద్రాలకు దారి లేని దేశాల్లో అతి పెద్దది’ అని రాయాలి. ఈ దేశం విషయంలో తేదీలూ చూసుకోవాలి. రాజధాని అస్తానా పేరు 2019లో నూర్‌సుల్తాన్‌గా మారింది, 2022లో మళ్లీ అస్తానా అయింది. పాత పుస్తకం చూసి రాస్తే దొరికిపోతాం. నేనైతే ఈ పేరు మార్పునే ప్రశ్నగా అడుగుతాను.

5. అందరికీ తెలిసిన కథలను అనుమానించండి

కంగారూ పేరు వెనక ఒక కథ అందరూ చెబుతారు. తెల్లవాళ్లు ఆ జంతువును చూపించి పేరేమిటని అడిగితే, స్థానికులు ‘నాకు తెలియదు’ అన్నారట, ఆ మాటే పేరైపోయిందట. వినడానికి బాగుంటుంది, నిజం కాదు. 1770లో కెప్టెన్ కుక్ ఓడ పగడపు దిబ్బకు తగిలి దెబ్బతింది. ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో ఒక నది దగ్గర ఓడను బాగుచేసుకుంటూ వాళ్లు కొన్ని వారాలు ఆగిపోయారు. అక్కడి గూగు యిమిదిర్ భాషలో ‘గంగురు’ అనేది ఒక రకం పెద్ద కంగారూకు ఉన్న అసలు పేరు. దాన్నే విని రాసుకున్నారు. 1970లలో జాన్ హావిలాండ్ అనే భాషా శాస్త్రవేత్త ఆ భాష మాట్లాడేవాళ్లతో పనిచేసినప్పుడు ఈ సంగతి స్పష్టమైంది. ‘తెలియదు’ కథను ప్రశ్నగా పెడితే, ఒక జాతికి తమ చుట్టూ తిరిగే జంతువు పేరే తెలియదని మనమూ చెప్పినట్టవుతుంది. అది నాకు మనస్కరించదు. అసలు కథతోనే ప్రశ్న రాయండి, ఇంకా బాగుంటుంది.

కోలా ఎలుగుబంటి కాదు, కంగారూలాగే సంచి ఉన్న జంతువు. భూమి గుండ్రంగా ఉందని మొదట తేల్చింది కొలంబస్ కాదు, ఆయనకు ఎన్నో వందల ఏళ్ల ముందే గ్రీకు పండితులకు ఆ సంగతి తెలుసు.

6. సాయం మెట్లుమెట్లుగా ఇవ్వండి

ఎవరికీ జవాబు రాకపోతే వెంటనే చెప్పేయకండి. తెలుగులో మనకు చక్కటి వీలుంది. ముందు ‘క’ అని తెలుసు. రెండో సాయంగా గుణింతం గుర్తు చెప్పండి: ‘గుడి ఉంది’, ‘ఐత్వం ఉంది’, ‘దీర్ఘం, పక్కనే సున్న’. ఐత్వం అనగానే కైరో ఎలా పైకి వస్తుందో చూడండి! మూడో సాయంగా ఎన్ని అక్షరాలో చెప్పవచ్చు. సాయం లేకుండా చెబితే మూడు మార్కులు, ఒక్కో మెట్టుకు ఒకటి తగ్గించండి.

జవాబు చెప్పాక ఒక్క వాక్యం అదనంగా చెప్పండి. కివీ అని తేలాక, ఆడ కివీ పెట్టే గుడ్డు దాని బరువులో దాదాపు ఐదో వంతు ఉంటుందని చెబితే ఆ పక్షి ఇక మరిచిపోరు.

7. ఈ వరసతో మొదలుపెట్టి చూడండి

తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత.

రాగి, తగరం కలిపితే వచ్చే లోహం? (సున్న) – కంచు.

ఆఫ్రికాలో అతి ఎత్తైన పర్వతం, 5,895 మీటర్లు? (గుడి) – కిలిమంజారో.

అంగ్‌కోర్ వాట్ ఆలయం బొమ్మ ఏ దేశపు జెండా మీద ఉంది? (సున్న) – కంబోడియా.

ఎగరలేని ఏ పక్షికి ముక్కు రంధ్రాలు ముక్కు చివర ఉంటాయి? (గుడి) – కివీ.

భూమధ్యరేఖను రెండుసార్లు దాటే పెద్ద నది? (దీర్ఘం, సున్న) – కాంగో. కొన్ని చోట్ల 220 మీటర్లకు పైగా లోతు ఉంటుంది.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని వివరించే గ్రంథం 1543లో వెలువడింది. రాసింది ఎవరు? (ఓత్వం) – కోపర్నికస్.

దక్షిణ అమెరికాలో పసిఫిక్, కరీబియన్ రెండు తీరాలూ ఉన్న ఒకే ఒక్క దేశం? (ఒత్వం) – కొలంబియా.

ఏ ఉష్ణోగ్రత ప్రమాణానికి డిగ్రీ అన్న మాట వాడరు? (ఎత్వం) – కెల్విన్. దాని సున్నా అంటే సెల్సియస్‌లో మైనస్ 273.15 డిగ్రీలు.

1948లో సైన్యాన్ని రద్దు చేసిన మధ్య అమెరికా దేశం? (ఓత్వం) – కోస్టారికా.

కంటి ముందుభాగంలో ఉండే ఏ పొరకు రక్తనాళాలు ఉండవు, అది తనకు కావలసిన ఆక్సిజన్‌ను ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది? (దీర్ఘం) – కార్నియా.